నీళ్లు నిలిచిన మడి, నెమరేసే ఎనుము.. మీథేన్ లెక్కల్లో గోస్పాడు రైతు వాటా ఎంత?

కారు లేదు. ఏసీ లేదు. విమానం ఎక్కింది అసలే లేదు. ఉన్నదల్లా కాల్వ కింద మూడెకరాల వరి, ఇంటి ముందు రెండు ఎనుములు. ఇలాంటి రైతును పట్టుకుని 'భూమి వేడెక్కడంలో నీ వాటా కూడా ఉందయ్యా' అంటే ఏమంటాడు? నవ్వి ఊరుకుంటాడు. లేదంటే 'ముందు కాల్వకు నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పు' అంటాడు.

కానీ అంతర్జాతీయ వేదికల మీద ముప్పై అయిదేళ్లుగా నడుస్తున్న గొడవ సరిగ్గా ఇదే. వరి మడి నుంచి, పశువుల నోటి నుంచి వచ్చే మీథేన్ గ్యాస్ సంగతి. ఇప్పుడు కార్బన్ క్రెడిట్ కంపెనీలు వరి రైతులతో ఒప్పందాల దాకా వచ్చాయి కాబట్టి, నంద్యాల జిల్లా గోస్పాడు లాంటి చోట కూడా ఈ లెక్క తెలిసి ఉండటం మంచిది. రేపు ఎవరైనా కాగితం పట్టుకుని సంతకం పెట్టమంటే, దేనికి పెడుతున్నామో తెలియాలి కదా.

అసలేంటి ఈ మీథేన్?

గోబర్ గ్యాస్ ప్లాంటు చూసినవాళ్లకు కొత్తగా చెప్పేది లేదు. పొయ్యిలో నీలం మంటతో మండేది మీథేనే. పేడను గాలి తగలకుండా మూసి పెడితే లోపల ఉండే సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెట్టి ఈ గ్యాస్ తయారు చేస్తాయి.

వరి మడిలోనూ ఇదే జరుగుతుంది. నీళ్లు నిలబడితే కింద మట్టికి గాలి అందదు. ఆ మట్టిలో ఉన్న మొదళ్లు, ఆకు, పశువుల ఎరువు గాలి లేకుండా కుళ్లుతాయి. నీళ్లున్న మడిలో అడుగు వేస్తే బుడబుడమని బుడగలు వస్తాయి చూశారా, అందులో మీథేన్ ఉంటుంది. అయితే బుడగల రూపంలో వచ్చేది తక్కువే. ఎక్కువ భాగం వరి మొక్క కాడ లోపల ఉండే సన్నటి గాలి గొట్టాల గుండా పైకి వస్తుంది. వేర్లకు గాలి పంపడానికి మొక్క ఏర్పాటు చేసుకున్న దారిలోనే కింది గ్యాస్ బయటికి పోతుందన్నమాట.

ఇక పశువులు. ఆవు, ఎనుము, గొర్రె, మేక.. నెమరేసే ప్రతి జీవి పొట్టలోనూ ఇదే సూక్ష్మజీవుల ఫ్యాక్టరీ ఉంటుంది. సోషల్ మీడియాలో ఆవు వెనక నుంచి వచ్చే గ్యాస్ అని జోకులు వేస్తుంటారు గానీ, 90 శాతం పైగా వచ్చేది నోటి నుంచే. త్రేన్పులుగా. మనిషి తినలేని గడ్డిని పాలుగా మార్చే పనిలో తప్పనిసరిగా వచ్చే ఖర్చు అది.

మీథేన్ గాలిలో సుమారు 12 ఏళ్లు మాత్రమే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్లు ఉంటుంది. కానీ ఉన్నన్నాళ్లూ మీథేన్ వేడి చాలా ఎక్కువ. వందేళ్ల లెక్కలో ఒక టన్ను మీథేన్ దాదాపు 27 నుంచి 30 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇరవై ఏళ్ల లెక్కలో అయితే 80 టన్నుల పైమాటే. పరిశ్రమలు రాకముందుతో పోలిస్తే గాలిలో మీథేన్ ఇప్పుడు రెండున్నర రెట్లు దాటింది. తగ్గిస్తే ఫలితం త్వరగా కనపడేది కూడా దీంట్లోనే. అందుకే ప్రపంచం చూపు దీని మీద పడింది.

1990లో మన వరి మీద పడ్డ నింద

ఈ కథలో మనవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన భాగం ఇది. చాలామందికి తెలీదు.

1990లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్కల్లో ఇండియా వరి మడుల నుంచి ఏటా 3 కోట్ల 78 లక్షల టన్నుల మీథేన్ వస్తోందని తేల్చారు. ఎలా తేల్చారు? యూరప్, అమెరికా పొలాల్లో కొలిచిన అంకెలను తెచ్చి, ఇండియాలో వరి విస్తీర్ణంతో గుణించారు. ఇక్కడి మట్టి వేరు, నీటి వాడకం వేరు, సగానికి సగం పొలాలు వర్షం మీదే ఆధారపడతాయన్న సంగతి ఆ లెక్కలో లేదు.

అప్పుడు ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ శాస్త్రవేత్త ఏ.పీ. మిత్రా ఆధ్వర్యంలో 1991లో దేశంలోని వరి పొలాల్లో నేరుగా కొలిచారు. మడి మీద పెట్టెలు బోర్లించి, లోపల చేరిన గ్యాస్‌ను తీసి లెక్కించే పద్ధతి. వచ్చిన అంకె సుమారు 40 లక్షల టన్నులు. అంటే మన మీద వేసిన దాంట్లో తొమ్మిదో వంతు!

అదే 1991లో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఒక పుస్తకం తెచ్చారు. పేద రైతు బతుకు కోసం వదిలే గ్యాస్‌నూ, ధనిక దేశాల్లో విలాసం కోసం వదిలే గ్యాస్‌నూ ఒకే గాటన కట్టడం ఏం న్యాయం అని అందులో అడిగారు. ఇండియా ప్రభుత్వం ఈ రోజుకీ చెప్పే మాట దాదాపు అదే. 2021లో గ్లాస్గో సదస్సులో 'గ్లోబల్ మీథేన్ ప్లెడ్జ్' వచ్చింది. 2020తో పోలిస్తే 2030 నాటికి మీథేన్ 30 శాతం తగ్గించాలన్నది లక్ష్యం. 150కి పైగా దేశాలు చేరాయి. ఇండియా చేరలేదు. మన దగ్గర మీథేన్‌లో పెద్ద వాటా పశువులది, వరిది, సంతకం పెడితే చిన్న రైతు మీద పడుతుంది అన్నది మన వాదన. దేశంలో 86 శాతం కమతాలు రెండు హెక్టార్ల లోపువే కాబట్టి ఆ వాదనను తేలిగ్గా తీసిపారేయలేం.

అయితే ఒక మాట. నింద తప్పని 1991లోనే రుజువైంది. అంతమాత్రాన మన వైపు లెక్క సున్నా అని కాదు.

ఢిల్లీ లెక్కల్లో ఏముంది?

మన ప్రభుత్వమే ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన నివేదికలు చూద్దాం. 2016 సంవత్సరానికి దేశం మొత్తం మీథేన్ ఉద్గారాలు 40.9 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అందులో వ్యవసాయం, పశువుల వాటా 73.96 శాతం. చెత్త, మురుగునీరు కలిపి 14.46 శాతం. బొగ్గు, చమురు, గ్యాస్ రంగం 10.62 శాతం. మిగతా ప్రపంచంతో పోలిస్తే ఇది తలకిందుల చిత్రం. ప్రపంచం మొత్తం మీద మనుషుల వల్ల వచ్చే మీథేన్‌లో వ్యవసాయానిది సుమారు 40 శాతమే.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. ఆ నివేదికలో ఒక టన్ను మీథేన్‌ను 21 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌గా లెక్క కట్టారు. అది 1990ల నాటి పాత కొలత. నేటి కొలతతో వేస్తే అంకె ఇంకా పెరుగుతుంది. పెద్ద పెద్ద అంకెలు కనపడినప్పుడు దేనితో గుణించారో ముందు చూడాలి. లేదంటే 1990 కథే మళ్లీ.

వ్యవసాయ రంగం మొత్తం ఉద్గారాల్లో పశువుల నెమరు వాటా 54.6 శాతం, వరి 17.5 శాతం. అంటే టీవీల్లో మనం వరి మడి బొమ్మ ఎక్కువ చూపిస్తాం గానీ, వరి కంటే పశువుల లెక్క మూడు రెట్లు పెద్దది.

కాలం గడిచే కొద్దీ ఏమైంది? 1994లో దేశం మొత్తం గ్రీన్‌హౌస్ ఉద్గారాల్లో వ్యవసాయం వాటా 28 శాతం. 2020 నాటికి 13.72 శాతం. సగానికి పడిపోయింది. భలే తగ్గించేశాం అనుకోకండి. 1994లో వ్యవసాయం నుంచి 34 కోట్ల టన్నుల చిల్లర వచ్చింది, 2020లో సుమారు 40 కోట్ల టన్నులు. తగ్గలేదు, కాస్త పెరిగింది. బొగ్గు కరెంటు, వాహనాలు, సిమెంటు, స్టీలు అంతకంటే చాలా వేగంగా పెరగడంతో శాతంలో చిన్నగా కనపడుతోంది, అంతే.

ఎడ్లు పోయాయి, పాలు పెరిగాయి

పశువుల విషయంలో మాత్రం నిజంగా ఆసక్తికరమైన మార్పు జరిగింది. దాన్ని ఏ పథకమూ అనుకుని చేయలేదు.

1951లో దేశంలో ఆవులు, ఎద్దులు కలిపి 15.5 కోట్లు. బర్రెలు, దున్నలు 4.3 కోట్లు. అంటే మొత్తం 20 కోట్ల లోపు. 2019 పశుగణనలో ఆవు జాతి 19.25 కోట్లు, బర్రె జాతి 10.98 కోట్లు. మొత్తం 30 కోట్లు దాటింది. ఒకటిన్నర రెట్లు. అదే కాలంలో పాలు? 1950-51లో 1.7 కోట్ల టన్నులు. 2023-24లో 23.9 కోట్ల టన్నులు. పద్నాలుగు రెట్లు!

పశువులు ఒకటిన్నర రెట్లు, పాలు పద్నాలుగు రెట్లు అంటే లీటరు పాల మీద పడే మీథేన్ బాగా తగ్గినట్టే. ఎలా సాధ్యమైంది? ఒకటి, సంకరజాతి ఆవులు, మేలు జాతి బర్రెలు వచ్చాయి. రెండు, ఎడ్లు తగ్గిపోయాయి. 2012లో మగ పశువులు 6.8 కోట్లు ఉంటే 2019కి 4.7 కోట్లకు పడిపోయాయి. ఏడేళ్లలో రెండు కోట్లు! ట్రాక్టరు వచ్చాక కాడెడ్లను మేపేదెవరు? నంద్యాల, ఆళ్లగడ్డ వైపు దమ్ము చేయడానికి ట్రాక్టరు తప్ప మరో మాట వినపడదు ఇప్పుడు. పాలివ్వని, దున్నని పశువు మీథేన్ లెక్కలో శుద్ధ ఖర్చు. ఆ ఖర్చు తగ్గింది. బదులుగా ట్రాక్టరు డీజిల్ తాగుతోంది, అది వేరే పద్దు.

ఇంకో ముఖ్యమైన విషయం. మన ఉద్గారాల లెక్కల్లో నాటు ఆవు ఏటా సుమారు 28 కిలోల మీథేన్ వదులుతుందని, సంకరజాతి ఆవు 43 కిలోలు, పాడి బర్రె 50 కిలోలు వదులుతాయని అంచనా. ఉత్తర అమెరికా పాడి ఆవు 130 కిలోల పైచిలుకు. తలకు లెక్కేస్తే మనమే మేలు. కానీ ఆ అమెరికా ఆవు ఏడాదికి పది వేల లీటర్ల పైన పాలిస్తుంది. మన నాటు ఆవు ఈతకు వచ్చినప్పుడు రోజుకు మూడు, నాలుగు లీటర్లు. లీటరుకు లెక్కేస్తే వాళ్లదే మేలు. ఎవరికి ఏది అనుకూలమో ఆ లెక్క చెబుతారు. రెండూ నిజాలే.

మేత దగ్గరికి వద్దాం. వరిగడ్డి అరగడం కష్టం. ఎంత నాసిరకం మేత అయితే పొట్టలో అంత గ్యాస్. ఒకప్పుడు ఈ ప్రాంతంలో పశువులకు జొన్న చొప్ప ప్రధానం. చొప్ప ఉన్న ఇంట్లో గొడ్లు నిగనిగలాడేవని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. వరి పెరిగాక వామిలోకి వరిగడ్డి వచ్చింది. అంటే వరి మడిలో ఒకసారి, ఆ గడ్డి తిన్న ఎనుము నోట్లో ఇంకోసారి, ఆ పేడ మళ్లీ మడిలో పడ్డాక మూడోసారి.. ఒకే పంట మూడు చోట్ల మీథేన్ లెక్కలోకి వస్తోంది!

పరిష్కారం ఉందా అంటే ఉంది. మేతలో పచ్చిమేత, దాణా, ఖనిజ లవణాలు సరైన పాళ్లలో కలిపితే పాలు పెరుగుతాయి, లీటరుకు మీథేన్ తగ్గుతుంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి 'హరిత్ ధార' అనే మేత మిశ్రమాన్ని తయారు చేసింది. మొక్కల్లో ఉండే టానిన్లతో చేసింది ఇది. మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని ప్రభుత్వం చెబుతోంది. అయితే రైతు గ్యాస్ తగ్గించడానికి దాణా కొనడు. గ్లాసుడు పాలు ఎక్కువ వస్తే కొంటాడు. పథకాలు రాసేవాళ్లు ఇది గుర్తు పెట్టుకుంటే చాలు.

కేసీ కాల్వ చెప్పే అసలు సంగతి

ఇప్పుడు వరి. గోస్పాడు, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం అంటే కేసీ కాల్వ. కర్నూలు-కడప కాల్వ. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. పంటలకు నీళ్లు, పడవల రాకపోకలు రెండూ అని మొదలుపెట్టి, నష్టాల్లో మునిగి 1882లో ప్రభుత్వానికి అమ్మేసింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా 300 కిలోమీటర్ల పైన సాగుతుంది. ఆయకట్టు 2 లక్షల 65 వేల ఎకరాల పైనే. దీని కిందే నంద్యాల వైపు సన్నబియ్యానికి పేరొచ్చింది.

మన దేశపు ఉద్గారాల లెక్కల్లో వాడే అంకెలు ఇవి. పంట కాలమంతా నీళ్లు నిలబెట్టిన మడి నుంచి హెక్టారుకు 162 కిలోల మీథేన్ వస్తుంది. మధ్యలో ఒకసారి ఆరబెడితే 66 కిలోలు. చాలాసార్లు ఆరబెడితే 18 కిలోలు. ఒక్కసారి ఆరబెడితే సగం కంటే ఎక్కువ మాయం! ఎకరాల్లోకి మారిస్తే నిలవ నీటి మడికి 65 కిలోలు, ఒకసారి ఆరితే 27, పలుమార్లు ఆరితే 7 కిలోలు.

మొదట్లో చెప్పిన రైతు లెక్క చూద్దాం. మూడెకరాలు నిలవ నీటి వరికి ఒక పంటలో 197 కిలోలు. రెండు ఎనుములకు ఏడాదికి 100 కిలోలు. మొత్తం దగ్గర దగ్గర 300 కిలోల మీథేన్. 28తో గుణిస్తే 8.3 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఇది 3,600 లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. కారు లేని రైతు ఖాతాలో, కారున్న నగరవాసి కంటే పెద్ద అంకె పడుతోంది!

ఇది అన్యాయంగా అనిపిస్తోందా? అనిపించాలి కూడా. ఎకరాకు 27 బస్తాలు, బస్తా 75 కిలోలు అనుకుంటే మూడెకరాల ధాన్యం ఆరు టన్నులు, బియ్యం నాలుగు టన్నులు. ఆ రైతు కుటుంబం తినేది అందులో ఎంత? మిగతాది హైదరాబాద్, బెంగళూరు, చెన్నై కంచాల్లోకి వెళుతుంది. దేశం మొత్తంగా చూస్తే ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం మనదే, అంటే వేరే దేశాల కంచాల్లోకి కూడా. తినేది ఒకరు, లెక్క ఇంకొకరి పేరు మీద. కిలో బియ్యం మీద సుమారు 1.4 కిలోలు పడుతుంది, అది తిన్నవాళ్ల ఖాతాలో రాస్తే బొమ్మ మొత్తం మారిపోతుంది.

సరే, మరి ఆరబెట్టొచ్చు కదా? శాస్త్రవేత్తలు చెప్పే పద్ధతి సులభంగానే ఉంటుంది. చిల్లులు పెట్టిన ఒక అడుగు ప్లాస్టిక్ పైపును మడిలో పాతాలి. నీళ్లు భూమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగేదాకా ఆగాలి. అప్పుడు మళ్లీ తడి ఇవ్వాలి. పూత దశలో మాత్రం నీళ్లు ఉంచాలి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసిన పద్ధతి ఇది. నీళ్లు 30 శాతం దాకా ఆదా, దిగుబడి తగ్గదు అంటారు. చైనాలో 1980ల నుంచి రైతులు పంట మధ్యలో మడి ఆరబెట్టడం విస్తారంగా మొదలుపెట్టారు. వాతావరణం కోసం కాదు, దిగుబడి కోసం. మీథేన్ దానంతట అదే తగ్గింది.

మరి కాల్వ కింద ఎందుకు కుదరదు?

బోరు కింద అయితే మోటారు స్విచ్ రైతు చేతిలో ఉంటుంది. కాల్వ కింద స్విచ్ రైతు చేతిలో లేదు. పైన నీళ్లు ఎప్పుడు వదులుతారో, ఎన్ని రోజులు వదులుతారో, తన తూము దాకా ఎప్పుడొస్తాయో తెలియని రైతు ఏం చేస్తాడు? వచ్చినప్పుడే కయ్య నిండా పెట్టుకుంటాడు. అది దురాశ అనుకుంటే పొరపాటు. అతనికి మడే ట్యాంకు. మళ్లీ నీళ్లు కచ్చితంగా ఫలానా రోజు వస్తాయన్న నమ్మకం ఉంటేనే ఎవరైనా ఉన్న నీళ్లు బయటికి వదులుతారు.

పైగా ఇక్కడిది నల్లరేగడి. ఒక స్థాయి దాటి ఆరితే నెర్రెలు పడుతుంది. నెర్రెలు పడ్డాక పెట్టిన నీళ్లు మడి మీద నిలవవు, చీలికల్లోంచి లోపలికి దిగిపోతాయి. ఒక తడి పోయాల్సిన చోట రెండు తడులు పడతాయి. పైపు పద్ధతి చెప్పే 15 సెంటీమీటర్ల గీత దగ్గర నీళ్లు అందితే ఇబ్బంది లేదు. వంతు నాలుగు రోజులు ఆలస్యమైతే? ఆ నష్టం పూర్తిగా రైతుదే. ఇంకోటి కలుపు. నిలవ నీరు కలుపును అణచి పెడుతుంది. ఆరబెడితే గడ్డి మొలుస్తుంది, కూలీలు కావాలి, లేదంటే మందు కొట్టాలి.

గతంలో శ్రీ వరికి ఇదే జరిగింది. 2003 ఖరీఫ్‌లో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం రాష్ట్రమంతా ప్రయోగాలు చేయించింది. తక్కువ విత్తనం, తక్కువ నీళ్లు, మంచి దిగుబడి. మొదట బాగా ఊపు వచ్చింది. లేత నారు ఒక్కొక్కటిగా నాటే ఓపిక ఉన్న కూలీలు దొరక్క, కోనో వీడర్ తోయలేక, కాల్వ నీళ్లు తమ చేతిలో లేక చాలామంది పాత పద్ధతికే వెళ్లిపోయారు.

విచిత్రం ఏమిటంటే కాల్వ చివరి భూముల రైతు ఇప్పటికే 'ఆరు తడి' చేస్తున్నాడు. ఇష్టపడి కాదు, నీళ్లు అందక. మీథేన్ లెక్కలో అతను ఆదర్శ రైతు. దిగుబడి లెక్కలో నష్టపోయిన రైతు. తల దగ్గర భూముల్లో నీళ్లు ఎక్కువై మీథేన్, చివర నీళ్లు చాలక నష్టం. వంతుల వారీగా, చెప్పిన తేదీకి నీళ్లిస్తే ఈ రెండు సమస్యలకూ ఒకే మందు. మీథేన్ తగ్గించే పథకం అని వ్యవసాయ శాఖలో వెతుకుతున్నారు గానీ, నా లెక్క ప్రకారం అది జలవనరుల శాఖ దగ్గర ఉంది.

ఆరబెట్టిన మడిలో యూరియా వేస్తే నైట్రస్ ఆక్సైడ్ అనే ఇంకో గ్యాస్ పెరుగుతుంది. అది కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు తీవ్రం. కాబట్టి నీళ్ల సంగతి ఒక్కటే చూసి ఎరువు సంగతి వదిలేస్తే ఒక చేత్తో తీసింది ఇంకో చేత్తో పోసినట్టే.

విత్తనం వైపు కూడా పని జరుగుతోంది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204, మన సాంబ మసూరి, దాదాపు 150 రోజుల పంట. 2025 మే నెలలో కేంద్రం ప్రకటించిన 'డీఆర్ఆర్ ధాన్ 100 (కమల)' అదే సాంబ మసూరి నుంచి హైదరాబాద్ శాస్త్రవేత్తలు జన్యు సవరణతో తయారు చేసిన రకం. దాదాపు 20 రోజులు ముందుగా కోతకు వస్తుందంటున్నారు. 20 రోజులు ముందు అంటే 20 రోజుల నిలవ నీళ్లు తక్కువ. జన్యు సవరణ మీద అభ్యంతరాలు కూడా ఉన్నాయి, ఆ చర్చ వేరేగా చేయాల్సిందే.

సంతకం పెట్టే ముందు..

కార్బన్ క్రెడిట్ ఎలా పని చేస్తుంది? రైతు మడి ఆరబెడతాడు. తగ్గిన మీథేన్‌ను కంపెనీ లెక్క కట్టి, టన్నుకు ఒక క్రెడిట్ చొప్పున విదేశీ కంపెనీలకు అమ్ముతుంది. వచ్చిన డబ్బులో రైతుకు వాటా.

ఎంత వస్తుంది? పై అంకెలతోనే వేద్దాం. ఒకసారి ఆరబెడితే ఎకరాకు తగ్గేది 39 కిలోల మీథేన్. అంటే సుమారు 1.1 టన్ను. టన్నుకు వెయ్యి రూపాయలు పలికిందని అనుకుంటే ఎకరాకు పంటకు 1,100 రూపాయలు. అందులోంచి కొలత ఖర్చు, తనిఖీ ఖర్చు, కంపెనీ లాభం పోగా మిగిలేదే రైతుకు. ఒక కలుపుకూలి మనిషికి ఇచ్చే రోజు కూలితో పోల్చి చూసుకోండి. దీని కోసమే మడి ఆరబెట్టమంటే ఎవరూ ముందుకు రారు. నీళ్లు, కరెంటు ఆదా అయ్యే చోట అదనంగా వస్తే సరే.

ఈ వ్యాపారంలో మోసాలు కూడా బయటపడ్డాయి. 2024 ఆగస్టులో క్రెడిట్లు ధ్రువీకరించే వెరా అనే సంస్థ, చైనాలోని 37 వరి ప్రాజెక్టులను ఒకేసారి తిరస్కరించింది. కాగితం మీద చూపించిన తగ్గింపుకు సరైన ఆధారాలు లేవన్నది కారణం. కాబట్టి ఎవరైనా ఒప్పందం తెస్తే అడగాల్సినవి: ఎన్నేళ్లకు? తెలుగులో ఉన్న కాగితం ఏది? ఒక ఏడాది కాల్వకు నీళ్లు ఎక్కువై మడి ఆరబెట్టలేకపోతే జరిమానా ఉందా? కౌలు రైతు ఆరబెడితే డబ్బు కౌలుదారుకా, పొలం యజమానికా? ఈ చివరి ప్రశ్న మన దగ్గర అన్నిటికంటే పెద్దది.

వేరే దేశాలు ఏం చేస్తున్నాయంటే, డెన్మార్క్ 2030 నుంచి పశువుల ఉద్గారాల మీద పన్ను వేయాలని నిర్ణయించింది. టన్నుకు 300 క్రోనర్లతో మొదలై 2035కి 750కి చేరుతుంది. న్యూజిలాండ్ ఇలాంటి ఆలోచనే చేసి, రైతులు రోడ్డెక్కాక 2024లో వెనక్కి తగ్గింది. ఇక్కడ పన్ను అనే మాటకు చోటే లేదు. రెండు ఎనుములున్న ఇంటి మీద పన్ను వేసే ప్రభుత్వం ఎన్నికల దాకా కూడా నిలబడదు.

కొర్ర అన్నం సంగతేంటి?

నంద్యాల ప్రాంతం ఎప్పుడూ వరి నేలే అనుకుంటే కాల్వ కింది వరకే నిజం. మెట్ట మొత్తం జొన్న, కొర్ర, సజ్జ. పండగకు మాత్రమే వరి అన్నం తిన్న తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక పేదింట్లోకి కూడా రోజూ వరి అన్నం వచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తప్పుపట్టే పని లేదు. కానీ రొట్టె పక్కకు జరిగి అన్నం మధ్యలోకి రావడంలో దాని పాత్ర ఉంది.

జొన్న, కొర్రలకు నిలవ నీళ్లు అక్కర్లేదు కాబట్టి ఆ పొలం నుంచి వచ్చే మీథేన్ లెక్కలోకి రానంత తక్కువ. 1906లో మొదలైన నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచే 'సూర్యనంది' లాంటి మంచి కొర్ర రకాలు వచ్చాయి. అంటే విత్తనం మన దగ్గరే పుట్టింది. మరి రైతు ఎందుకు వేయడు? 2025-26కి సాధారణ వరికి మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,699. కాగితం మీద జొన్నే ఎక్కువ. కానీ వరి ఎకరాకు పండే బస్తాలు ఎక్కువ, కొనే కేంద్రం ఊరి దగ్గరే ఉంటుంది, మిల్లరు ఉంటాడు. జొన్నకు అంత హామీ లేదు. కేంద్రం మద్దతు ధర జాబితాలో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి, కొర్రకైతే చోటే లేదు.

సూపర్ మార్కెట్‌లో అదే కొర్ర బియ్యం సన్నబియ్యం కంటే ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. షుగర్ ఉన్నవాళ్లు కొంటున్నారు. ఆ ధరలో పండించిన రైతుకు చేరేది ఎంత అన్నది తేలితే, కాల్వ చివరి భూముల్లో, నీళ్లు ఎలాగూ అందని చోట, వచ్చే ఖరీఫ్‌కు ఎవరు ఏం విత్తుతారో తేలిపోతుంది.